పిడికిలి వీరుడికి మొదటి స్థానం

ప్రతి బుధవారం కొత్త కామిక్స్ వస్తాయి. సూపర్‌హీరోల పుస్తకాలు, వారానికి ఎనిమిదో తొమ్మిదో. అవన్నీ చదివి, మంచీ చెడూ రాసి, ఒకటి నుంచి చివరిదాకా వరసలో పెట్టి, గురువారం సాయంత్రానికల్లా నా బ్లాగులో పెడతాను. ఆరేళ్ళుగా ఒక్క వారం తప్పలేదు. యాభై రెండేళ్ళు వచ్చాక ఇదేం పోయేకాలంరా అని మా అక్క ఫోనులో అడుగుతూనే ఉంటుంది. "అది వచ్చినప్పుడు నీకే ముందు చెప్తాలే అక్కా" అంటాను.

ప్రతి పుస్తకాన్నీ రెండుసార్లు చదువుతాను. మొదటిసారి మాటల బుడగల మీద అట్టముక్క పెట్టి ఉత్త బొమ్మలు చూస్తాను, రెండోసారి మాటలు. బొమ్మల్లో కథ తెలియకపోతే ఎన్ని డైలాగులు కొట్టినా అది కామిక్ కాదు, నా లెక్క అంతే. తర్వాత అన్నింటినీ మంచం మీద పరుస్తాను. నా భార్య విడిపోయి వెళ్ళాక ఆమె వైపు సగం ఖాళీగానే ఉంది కాబట్టి ర్యాంకులన్నీ అక్కడే తేలతాయి.

పగలు నీళ్ళ సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల కిటికీ దగ్గర కూర్చుంటాను. రోజంతా జనం నా మీద నోరు పారేసుకుంటారు. వాళ్ళ గొడవ కుళాయితో, నాతో కాదు. కిటికీ మూస్తే నేనెవరో వాళ్ళెవరో.

నాతో, నన్నెరిగి, పోట్లాడేవాడు ఒక్కడే. అసలు పేరు తెలియదు. ఎక్కడుంటాడో తెలియదు. బ్లాగులో 'వక్రభాష్యం' అని పెట్టుకున్నాడు. నేను జాబితా పెట్టిన పావుగంటలో విరుచుకుపడేవాడు. "అయ్యా ర్యాంకుల మాస్టారూ, 'ఉరుము కోడలు' నాలుగోదా? తమరు అట్టముక్క బుడగల మీద పెట్టారా, కళ్ళ మీద పెట్టుకున్నారా?" నేనూరుకుంటానా? "ఉరుము విన్నారు సరే, బొమ్మల్లో మెరుపెక్కడుందో చూపించండి" అని తగులుకునేవాణ్ణి. అలా శనివారం దాకా సాగేది. ఆయన మాట మీద రెండుసార్లు ర్యాంకు మార్చాను కూడా. మార్చినట్టు మాత్రం ఒప్పుకోలేదు.

ఒక గురువారం ఆయన రాలేదు. ఏదో పనుంటుందిలే అనుకున్నాను. రెండో వారం కూడా లేదు. మూడో వారం ఆఫీసులో ఫోను ఒళ్ళో పెట్టుకుని గంటకోసారి చూశాను. నిజం చెప్పొద్దూ, నా భార్య వెళ్ళిపోయిన వారం కూడా నాకింత దిక్కుతోచకుండా లేదు. ఆమె కనీసం గొడవపడి వెళ్ళింది.

నాలుగో వారం పాడుబుద్ధి పుట్టింది. ఆ వారం 'పిడికిలి వీరుడు' అనే దరిద్రం ఒకటి వచ్చింది. ముప్ఫై రెండు పేజీల్లో ఇరవై ఆరు గుద్దులే. పద్నాలుగో పేజీలో వీరుడి ఎడమ చేతికి ఆరు వేళ్ళున్నాయి. మంచం మీద చిట్టచివరి చోటు కూడా దానికెక్కువే. దాన్ని తీసి ఒకటో చోట పెట్టాను. నిజంగా ఒకటో చోట ఉండాల్సిన 'గొడుగు పిల్ల'ను తొమ్మిదికి తోశాను. "గీతలో ఇంత బలం ఈ ఏడాదిలో చూడలేదు" అని సిగ్గులేకుండా రాశాను. ఇది చూస్తే ఆ మనిషి చచ్చినా ఊరుకోడు, వచ్చి నన్ను ఉతికి ఆరేస్తాడు అనుకున్నాను. ఉతికించుకోవడానికి సిద్ధమై కూర్చున్నాను.

రాలేదు. ఆదివారం కామిక్స్ షాపుకి వెళితే షాపామె నవ్వుతూ పలకరించింది.

"మీ పుణ్యమా అని 'పిడికిలి' కాపీలన్నీ అయిపోయాయి అన్నయ్యా. నేనూ చదివాననుకోండి... నిజంగా నచ్చిందా మీకు?"

"ఆ, ఏదో..." అని నీళ్ళు నమిలాను.

"'గొడుగు పిల్ల' మాత్రం ఒక్కటీ కదల్లేదు. ఆ బొమ్మలేసినమ్మాయి ఫోన్ చేసింది. మాస్టారికి ఎక్కడ నచ్చలేదో కనుక్కోమంది. ఏం చెప్పమంటారు?"

ఏం చెప్పను, నా తలకాయ. చిల్లర కూడా తీసుకోకుండా బయటపడ్డాను.

సోమవారం కిటికీ దగ్గర ఉండగా బ్లాగులో కొత్త వ్యాఖ్య వచ్చిందని ఫోను మోగింది. వక్రభాష్యమే! ఆత్రంగా తెరిచాను.

"మాస్టారూ, కంటికి ఆపరేషన్ అయింది. నెల్లాళ్ళు చదవొద్దన్నారు. శుక్రవారం చదువుకోవచ్చన్నారు. ముందు మీ జాబితానే తెరిచాను. మీ మాట మీద 'పిడికిలి' తెప్పించుకున్నాను. ఆరో వేలు చూసి నా కన్నే చెడిందనుకున్నాను. ఆపరేషన్ పాడైందని చెమటలు పట్టాయి. మా ఆవిణ్ణి పిలిచి లెక్కపెట్టించాను. ఆరే. బొమ్మలు విడిగా చూసే మీకు అది కనబడకపోవడం జరగదు. కనబడే రాశారు. ఎందుకో నాకనవసరం. మీరు అనుకున్నదే రాస్తారని ఇన్నేళ్ళూ మీతో పోట్లాడాను. ఇక దేంతో పోట్లాడను? ఉంటాను."

"ఏమయ్యా, నీతోనే! ఐదు రోజులైంది కుళాయి రాక" అని అవతల ఒకావిడ కిటికీ ఊచలు కొడుతోంది. "ఒక్క నిమిషం ఉండమ్మా" అన్నాను. ఆ నిమిషంలోనే జవాబు కొట్టాను. "మీరు రావట్లేదని రాశాను. కోపం తెప్పిస్తే వస్తారనుకున్నాను. నాకు మాట్లాడ్డానికి ఇంకెవరూ లేరండీ." పంపేశాక గానీ అది అందరూ చదివే చోటని గుర్తుకు రాలేదు. చెరపబుద్ధి కాలేదు. ఆవిడ ఫిర్యాదు రాసుకుంటుంటే అక్షరాలు అలుక్కుపోయాయి.

మధ్యాహ్నానికి జవాబు లేదు. రాత్రికీ లేదు.

గురువారం కొత్త జాబితాతో పాటు, పోయిన వారం తప్పు రాశానని పైన పెద్దక్షరాల్లో పెట్టాను. పాత జాబితాలో 'గొడుగు పిల్ల'ను ఒకటో స్థానానికి తెచ్చి, పేజీ పేజీకీ ఎందుకో చెప్పాను. ఆ బొమ్మలేసినమ్మాయికి క్షమాపణ రాశాను. కొత్తవాటిలో ఒక పుస్తకాన్ని మూడో చోట పెట్టాలా, ఐదో చోట పెట్టాలా అని గంటసేపు తేల్చుకోలేక మూడులో పెట్టాను. అది గట్టిగా తప్పుపట్టదగ్గ ర్యాంకు.

శనివారానికి నలభై మూడు మంది రాశారు. వాళ్ళలో వక్రభాష్యం లేడు. అన్నీ చదివాను, కొన్ని రెండేసిసార్లు. ఆ మూడో ర్యాంకుతో సహా నేను చెప్పిందే సరైందని అందరూ ఒప్పుకున్నారు.