ఎదుటివాడి వకాల్తా

నా పేరు సీతారామాంజనేయులు. గుట్టకిందపల్లెలో ఆ పేరును పూర్తిగా పలికినవాడు ఒక్కడూ లేడు. హిందూపురంలో మా నాయనకు బెల్లం అంగడి ఉందని తెలిసిన రోజు నుంచి నేను బెల్లం ఐవారునైపోయాను. 1958లో, పెనుకొండకు నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న ఆ పల్లెకు ఏకోపాధ్యాయ పాఠశాల పంతులుగా వెళ్ళినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. ఊరు పెట్టిన పేరులో ఉన్న తీపి నా నోట్లో మాత్రం లేదు. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది.

పిల్లలు ముప్పై ఒక్కమంది. ఫిర్యాదులు రోజుకు ఇరవైకి తగ్గేవి కావు. "ఐవారూ, వీడు నా బలపం కొరికినాడు." "ఐవారూ, ఆ యమ్మి నన్ను గుద్దింది." మొదటి నెలంతా ఇద్దరికీ చెరో దెబ్బ వేసి తీర్పు ముగించేవాణ్ణి. న్యాయం చాలా త్వరగా జరిగేది. ఫిర్యాదులు మాత్రం తగ్గలేదు, పైగా నాకు భుజం నొప్పి పట్టుకుంది.

అప్పుడు మా నాయన గుర్తొచ్చాడు. బెల్లంలో ఇసుక ఉందని ఎవరైనా కేకలేస్తూ అంగడికి వస్తే, మా నాయన వాళ్ళకంటే ముందే అందుకునేవాడు. "అయ్యో, ఇసుకనా! ఇంట్లో చుట్టాలు, పాయసం తింటాంటే పంటికింద కరకర! మీ మర్యాద ఏం కావల్ల!" అనేవాడు. వచ్చినవాడికి అరవడానికి ఏమీ మిగిలేది కాదు. ముద్ద మార్చుకుని, పనిలో పనిగా ఇంకో రెండు ముద్దలు కొనుక్కుని పోయేవాడు. అది వ్యాపారమే, కాదనను. అయినా ఆ అంగడిలో ఏనాడూ తగువు పెరగలేదన్నది కూడా నిజమే.

బడిలో అదే రూలు పెట్టాను. ఫిర్యాదు తెచ్చినవాడు ముందుగా తన మాట చెప్పుకోకూడదు. ఎదుటివాడి మాట చెప్పాలి, అదీ ఎదుటివాడే మాట్లాడుతున్నట్టు "నేను" అంటూ చెప్పాలి. ఎదుటివాడు "అదే నా మాట" అని ఒప్పుకున్నాకే వీడి వంతు. వెటకారం చేస్తే చెల్లదు, మళ్ళీ మొదటి నుంచీ చెప్పాలి. దీనికి పిల్లలే వకాల్తా అని పేరు పెట్టుకున్నారు. ఊళ్ళో సగం ఇళ్ళకు పెనుకొండ కోర్టులో ఏదో ఒక వ్యాజ్యం ఉండేది కాబట్టి, ఆ మాట వాళ్ళకు ఎక్కాల కంటే ముందే వచ్చు.

నెల తిరిగేసరికి ఫిర్యాదులు రోజుకు ఐదారుకు దిగాయి. పిల్లల్లో మంచితనం పెరిగిందని నేను చెప్పలేను. బలపం కొరికినవాడి తరఫున మాట్లాడటం కంటే బలపం పోగొట్టుకోవడమే సులువని వాళ్ళకు తేలిపోయింది.

వకాల్తాలో అందరికంటే దిట్ట బుజ్జమ్మ. ఓబులేసు కూతురు, నాలుగో తరగతి. ఆ పిల్ల ఎదుటివాడి మాట చెబుతుంటే, ఆ ఎదుటివాడు కూడా తన బాధ ఇంత పెద్దదా అని ఆశ్చర్యపోయేవాడు. ఐదు గట్టెక్కించి పెనుకొండ హైస్కూల్లో చేర్చాలని నాకు చాలా ఆశగా ఉండేది.

ఇక ఆ పిల్ల నాయన సంగతి. ఓబులేసు, ఈరన్న అన్నదమ్ములు. భాగాలు పంచుకున్నప్పుడు పొలం రెండు ముక్కలైంది, ఎద్దులు చెరో జత వచ్చాయి. బావిని పంచడం కుదరక రోజు మార్చి రోజు వంతులు వేసుకున్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. నీళ్ళు తోడే కపిల సామాను కూడా పంచాల్సిందేనని పెద్దమనుషులు పట్టుబట్టారు. ఎద్దులు పైకి లాగే తోలు బాన అన్నకు, దానికి కట్టే లావుపాటి మోకుతాడు తమ్ముడికి. మోకు లేని బాన, బాన లేని మోకు ఎందుకు పనికొస్తాయని అంతమందిలో ఒక్కరూ అడగలేదు. ఇద్దరికీ సమానంగా వచ్చిందా లేదా అన్నదే చూశారు.

మాటలున్నన్నాళ్ళు బాన, మోకు రెండూ బావి గట్టు మీదే పడి ఉండేవి, ఎవరి వంతు రోజున వాళ్ళు వాడుకునేవాళ్ళు. నేను చెప్పబోయే రోజుకు మూడు వారాల ముందు మాటలు ఆగిపోయాయి. బాన ఓబులేసు అటక ఎక్కింది. మోకు ఈరన్న ఇంటి గోడకు వేలాడింది. ఇద్దరి చేలలోనూ రాగిపైరు కంకి తీసే దశలో ఉంది. మధ్యలో పడిన ఒక్క వాన పదిహేను రోజులు వాళ్ళ పంతాన్ని పచ్చగా ఉంచింది. తర్వాత ఆకులు చుట్టుకోవడం మొదలైంది. కారణం అడిగితే, "నా వంతు నీళ్ళు దొంగిలించినాడు" అని తమ్ముడు, "ఒక్క దినం నీళ్ళకు ఊరంతా నన్ను దొంగను చేసినాడు" అని అన్న.

ఒకరోజు బడి వదిలాక బుజ్జమ్మ వెళ్ళకుండా నిలబడింది.

"ఐవారూ, పైరు ఎండిపోతే మా నాయన బెంగుళూరికి కూలికి పోతాడంట. మమ్మల్ని గూడా తీసకపోతాడంట. ఆడ నాకు బడి ఉండదంట" అంది.

పెనుకొండ హైస్కూలు ఆశ అక్కడే ఆవిరైపోయేట్టు కనబడింది. ఆ కంగారులో చేసిన పనికి ఇప్పటికీ సిగ్గుపడతాను. బుజ్జమ్మనూ, ఈరన్న కొడుకు నారాయణనూ పిలిచి, ఇళ్ళకు పోయి వకాల్తా చెయ్యమన్నాను. ఈ పిల్ల చిన్నాయన తరఫున, వాడు పెదనాయన తరఫున. ఇళ్ళలో ఉన్న పెద్దవాళ్ళకు రూలు తెలియదన్న చిన్న సంగతి మరిచిపోయాను.

మర్నాడు ప్రార్థన ముగియకముందే అన్నదమ్ములిద్దరూ వచ్చేశారు. మూడు వారాల్లో మొదటిసారి ఒకే దారిలో, ఒకే వేగంతో, ఒకే మనిషి మీదికి. ఆ విధంగా నేను వాళ్ళను కలిపినట్టే లెక్క.

ఓబులేసు బుజ్జమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని ఉన్నాడు. "ఏమి ఐవారూ, నా సంగటి తింటా నా కూతురే ఈరన్న మాదిరి నన్ను అడుగుతాండాది, నా వంతు నీళ్ళు ఏల తోడుకుంటివని. ఇదేనా మీరు నేర్పే చదువు? చాల్లే. పైరు ఎండేదాకా గూడా ఉండం. రేపే బెంగుళూరికి పోతాండాం. ఈ పొద్దుతో దీని బడి అయిపాయ."

"మావాడు అచ్చం మా అన్న మాదిరే చెయ్యి తిప్పుకుంటా మాట్లాడినాడు. ఇంట్లో ఇంగొకడు తయారైనాడు నాకు" అన్నాడు ఈరన్న, అన్న వైపు చూడకుండా.

నాకు కోపం నెత్తికెక్కింది. ఎండుతున్న చేలనూ అటకెక్కిన బాననూ ఇద్దరి తెలివినీ కలిపి ఒకేసారి కడిగేద్దామని నోరు తెరిచాను.

"ఐవారూ" అంది బుజ్జమ్మ, నాయన చేతిలో చెయ్యి ఉండగానే. "మీరు ముందు మా నాయన మాట చెప్పల్ల."

"అవును, చెప్పల్ల!" అని బడంతా అరిచింది.

నా రూలు నా మెడకే చుట్టుకుంది. గొంతు సవరించుకున్నాను. "నేను ఓబులేసును. నా ఇంటి తగువు నా ఇంట్లో ఉండాది. నిన్నగాక మొన్న వచ్చిన బెల్లం ఐవారు నాతో ఒక్క మాట అడక్కుండా, నా బిడ్డతో నన్ను అడిగించినాడు. కన్నబిడ్డ ముందర నాకు తల ఎత్తుకునే దారి లేకపాయ."

అతని మాట చెబుతుంటే తప్పు నాదేనని నాకు తెలిసింది. ఓబులేసు గడ్డం గోక్కున్నాడు. "అదే... అదే నా మాట" అన్నాడు, కొంచెం నిరాశగా. అంత దూరం తిట్టడానికి వచ్చినవాడికి తిట్లు మిగల్లేదు. తప్పయిందప్పా అని నేను ఒప్పుకున్నాను.

"ఇప్పుడు పెదనాయన మా నాయన మాట చెప్పల్ల" అన్నాడు నారాయణ.

ఓబులేసు నవ్వేసి పోదామనుకున్నాడు గానీ అరవై రెండు కళ్ళు దారి ఇవ్వలేదు.

"సరే. నేను ఈరన్నను. నాకు బుద్ధి తక్కువ..."

"చెల్లదు!"

"నేను ఈరన్నను. బొట్టు నీళ్ళకు ఊరంతా తిరిగి అన్న పరువు..."

"చెల్లదు!" ఈసారి రెండో తరగతి వాడొకడు, ఒక పెద్దమనిషిని అదలించే అవకాశం మళ్ళీ వస్తుందో రాదో అని, బల్ల ఎక్కి మరీ అరిచాడు.

ఓబులేసు తమ్ముడి వైపు చూశాడు. మూడు వారాల్లో చూడటం అదే మొదలు.

"నేను ఈరన్నను" అన్నాడు నెమ్మదిగా. "ఆ పొద్దు నా పెండ్లాం బాలనాగమ్మకు కాన్పు కష్టమాయె. బండి కట్టుకోని పెనుకొండ ఆస్పత్రికి ఎత్తకపోతి. బావి వంతు నాది. మా అన్న గట్టు మీద నిలబడుకోని బండి పోయేది చూసినాడు. చూసి..." ఆగాడు. "చూసి, వాడు ఎట్లాగూ లేడు కదా అని కపిల కట్టినాడు. నీళ్ళు పోతే పాయ. మూడు దినాలు ఆస్పత్రి అరుగు మీద కూర్చుంటి. తల్లీబిడ్డా దక్కుతారో లేదో. వచ్చే ప్రతి మనిషినీ మా అన్నేమో అని చూస్తి. రాకపాయ."

ఈరన్న తన ఫిర్యాదులో ఏనాడూ నీళ్ళు దాటి మాట్లాడలేదు. అరుగు సంగతి ఎవరికీ చెప్పనూ లేదు. ఈరన్న చోట నిలబడి మాట్లాడితే తప్ప ఓబులేసుకు కూడా అది తట్టేది కాదు.

ఈరన్న గోడకేసి తిరిగాడు. గోడతోనే "అదే నా మాట" అన్నాడు. ఆ గొంతు విని నాకు కళ్ళు చెమర్చాయి. ముప్పై ఒక్కమంది ముందు అయ్యవారు ఏడవకూడదని నల్లబల్ల తుడవడం మొదలుపెట్టాను. దాని మీద ఏమీ రాసి లేదు.

రూలు ప్రకారం ఇక ఈరన్న అన్న మాట చెప్పాలి. కానీ ఓబులేసు ఆగలేకపోయాడు. తన గొంతుతోనే అడిగేశాడు.

"బిడ్డ ఎవరి మాదిరి ఉండాది రా?"

ఈసారి చెల్లదని ఎవరూ అనలేదు.

"నీ మాదిరే ఉండాది" అన్నాడు ఈరన్న, గోడకేసి తిరిగే. "నీతో మాటల్లేకపోయినా, దినామూ నీ మొకమే చూడాల్సి వస్తాండాది నాకు."

ఓబులేసు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నువ్వు మోకు తీసకరా, నేను పోయి బాన దించుతా" అన్నాడు. ఈరన్న గుమ్మం దగ్గర ఆగి, "బాన యాడికీ పోదు. ముందు వచ్చి బిడ్డను చూసుకో" అన్నాడు.

ఇద్దరూ వెళ్ళిపోయారు. బుజ్జమ్మ చెయ్యి ఓబులేసు ఎప్పుడు వదిలాడో నేను చూడలేదు. తల తిప్పేసరికి ఆ పిల్ల తన చోట కూర్చుని, పలక ఒళ్ళో పెట్టుకుని, పాఠం ఇంకా మొదలుపెట్టలేదేమని నా వైపు చూస్తోంది.