బందెలదొడ్డిలో కోపం

సంగప్పకు ఒక్కటే ఎద్దు. కిష్టప్పకూ ఒక్కటే. ఒంటెద్దుతో ఏ సేద్యమూ సాగదు కాబట్టి నారాయణఖేడ్ శివార్లో వీళ్లిద్దరూ తొమ్మిదేళ్లుగా రెండెడ్లనూ ఒకే కాడికి కట్టి, ఒకరోజు ఇతని చేను, ఒకరోజు అతని చేను చేసుకుంటున్నారు. ఎడ్లకు పొత్తు బాగానే కుదిరింది. ఒకదాని మెడ మీద ఈగ వాలితే రెండోది తోక ఊపేది. తంటా అంతా మనుషులతోనే.

కిష్టప్పకు ఓ గుణముంది. ఎదుటివాడు మాట మొదలుపెడితే చాలు, దాని చివర తానే అందిస్తాడు. అందించేది సరైందైతే ఎవరికీ బాధ లేదు. తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా సరిగ్గా అందించలేదు. "రాత్రి మా ఇంటికి..." అని సంగప్ప అంటే "దొంగలొచ్చిండ్రు" అంటాడు. వచ్చింది బావమరిది. "నా మోకాలు..." అంటే "విరిగింది" అంటాడు. నొప్పి తగ్గిందని చెప్పబోయాడు పాపం. కిష్టప్పది చెడ్డబుద్ధేమీ కాదు. బరువెత్తేవాడికి చెయ్యి అందించినట్టు, మాటెత్తేవాడికి నోరు అందిస్తాడు, అంతే. అదే సంగప్పకు ఒంటికి పచ్చికారం పూసినట్టుండేది.

ఎనభై మూడో సంవత్సరం మిరుగు కార్తెలో రెండు మంచి వానలు పడ్డాయి. నల్లరేగడి పదునెక్కింది. కందులు వేయాలంటే అదే అదను. నాలుగు రోజులు దాటితే పైమట్టి ఆరిపోతుంది, పడ్డ గింజ మొలవదు, మళ్లీ వాన ఎప్పుడంటే పైవాడికే ఎరుక. నిరుడు సంగప్ప ఇలాగే అదను పోగొట్టుకుని ఏడాదంతా ఒకరి చేలల్లో కూలికి పోయాడు. ఈసారి ఇంట్లో విత్తనం కూడా ఒక్క విత్తుకే ఉంది.

కిష్టప్ప చేను ముందురోజే విత్తేశారు, ఆ పొద్దున సంగప్ప చేన్లో ఎడ్లకు గొర్రు కట్టారు. సంగప్ప గొర్రు పట్టాడు, కిష్టప్ప ఎడ్లను తోలుతున్నాడు. సంగప్ప భార్య శివమ్మ ఒడి నిండా కందులతో వెనకే నడుస్తూ గొర్రు గొట్టాల్లోకి గింజలు జారవిడుస్తోంది. రెండు సాళ్లు బాగానే నడిచాయి.

"కిష్టా, కాడి..." అన్నాడు సంగప్ప.

"విరిగింది" అన్నాడు కిష్టప్ప.

"పక్కకు జరిగిందిరా! గా తాడు..."

"తెగింది."

"బిగుసుకున్నది! నన్ను చెప్పనియ్యవా? తొమ్మిదేండ్ల సంది నేను నిన్ను..."

"మెచ్చుకుంటున్నవు."

సంగప్ప గొర్రు వదిలేసి, తన ఎద్దును కాడి నుంచి విప్పి, సాలు మధ్యలోంచే ఇంటికి తోలుకుపోయాడు. కిష్టప్ప ఎద్దు సగం కాడి మోస్తూ, పక్కన ఎవరూ లేరేమిటా అని వెనక్కి వెనక్కి చూసింది.

శివమ్మ ఒడిలో గింజలతోనే ఇంటిదాకా ఉరికొచ్చింది. "ఎద్దును ఎందుకిప్పినవ్?"

"నేనేడ ఇప్పిన? కిష్టడు ఇప్పించిండు. వాని కోపం నా కడుపుల వడి మేస్తుంది."

"వాని కోపమా? వాడు పండ్లిగిలిచ్చి నిలవడ్డడు గాదయ్యా!"

"వానిదే. నా ఒళ్లు నా చేను. అండ్ల వడి మేసేది వాని పశువు."

"గట్లయితె తీస్కపోయి బందెలదొడ్ల కట్టేసి రారాదు!" అని ఎద్దేవా చేసి ఆమె లోపలికి పోయింది.

ఎద్దేవా అనేది సంగప్పకు పుట్టినప్పటి నుంచీ అర్థం కాలేదు. ఎవరేమన్నా అతనికి సలహాలాగే వినిపిస్తుంది. బందెలదొడ్డి అంటే పరాయి చేలల్లో పడి మేసిన గొడ్లను పట్టుకుపోయి కట్టేసే పంచాయతీ దొడ్డి. సొంతదారు అక్కడికి వచ్చి, నలుగురి ముందూ 'నాదే' అని ఒప్పుకుని, దండుగ కట్టి విడిపించుకుపోవాలి. ఆ 'నాదే' అన్న మాట కిష్టప్ప నోట వినాలని సంగప్పకు ఎక్కడలేని ఆశ పుట్టింది. గూటానికున్న పలుపుతాడు తీశాడు, కొసకు ఉచ్చు వేశాడు, దాన్ని రొమ్ము దగ్గర పట్టి, లోపలి కోపాన్ని బయటికి లాగినట్టు ఒక్క గుంజు గుంజాడు. ఖాళీ ఉచ్చును నేల మీద ఈడ్చుకుంటూ బజారున పడ్డాడు.

దొడ్డికి కాపలా బాలప్ప. మిరుగు వానలు పడ్డాయంటే ఊళ్లోని గొడ్లన్నీ కాడి కిందే ఉంటాయి, దొడ్డిలోకి ఒక్కటీ రాదు. ఖాళీ దొడ్డికి కాపలా ఎందుకని పంచాయతీలో గొణుగుడు మొదలై వారమైంది. కాబట్టి ఉచ్చులో ఏముంది, ఏం లేదు అన్న చర్చకు బాలప్ప దిగలేదు.

"ఏం పశువు?"

"కోపం."

"రంగు?"

"ఎర్రది."

"కొమ్ములు?"

"ఉన్నయ్. పొడుస్తది."

"ఈనిందా?"

"రోజూ ఈనుతది."

బాలప్ప అన్నీ రాసుకున్నాడు. "దీని మీద... ఏందది... గదే... గిట్ల గుండ్రంగ..." బాలప్పకు కావలసినప్పుడు మాట దొరకదు. 'మచ్చలు' అన్న మాట కోసం వెతుక్కుంటూ అతను గాలిలో సున్నాలు చుడుతుంటే సంగప్పకు పాదాల నుంచి మంట లేచింది.

"చూసినవా! తాడు వేసినంక గూడ ఎట్ల పొడుస్తుందో!"

"పొగరుది" అని రాసుకున్నాడు బాలప్ప. "ఎవలిది?"

"కిష్టప్పది."

బాలప్ప ఉచ్చును గుంజకు కట్టి, దాని ముందు చారెడు జొన్న సొప్ప వేసి, నీళ్ల కుండ దగ్గరికి జరిపాడు. కిష్టప్పకు కబురు పోయింది: నీ పశువు దొడ్డిలో ఉంది, వచ్చి విడిపించుకో అని. కిష్టప్ప ఇంట్లో లెక్క చూసుకున్నాడు. ఎద్దు ఉంది. రెండు మేకలూ ఉన్నాయి. ఇంక పోవలసిన పనేముందని ఊరుకున్నాడు.

రెండు రోజులు గడిచాయి. కిష్టప్ప వచ్చి ఒప్పుకునేదాకా ఎద్దును కట్టేది లేదని సంగప్ప అరుగు మీద కూచున్నాడు. శివమ్మ పొద్దునా మాపూ చేనికి పోయి పిడికెడు మట్టి తెచ్చి అతని ముందు పిసికి చూపించింది. మొదటిరోజు ముద్దయింది. రెండోరోజు ముద్దయి పగిలింది.

"రేపు పొడైతది" అంది. "ఎల్లుండి నాతోపాటు నువ్వు గూడ ఒకలింటికి కూలికి నడువు."

 సంగప్ప ఆ మాటకు లేచి, తానే కిష్టప్ప ఇంటికి పోయి, "దొడ్డికి రా" అని ఒక్క మాట చెప్పి, రెండో మాట మొదలుపెట్టకుండా వెనక్కి తిరిగాడు. మొదలుపెడితే వాడు పూర్తి చేస్తాడు.

కిష్టప్ప దొడ్డికి వచ్చి ఉచ్చు చుట్టూ ఒక తిరుగుడు తిరిగి చూశాడు. వంగి వాసన కూడా చూశాడు.

"నాది గాదు బాలన్నా. నాకసలు కోపమే రాదు."

"పంపింది నువ్వే! నేను మాట్లాడుతుంటె నువ్వు మధ్యల..." అన్నాడు సంగప్ప.

"లేచి పోతనా?"

"దూరుతవు! దూరుతవురా! చూడు బాలప్పా, ఎట్ల దుంకుతుందో చూడు!"

ఉచ్చు సొప్ప పక్కన చడీచప్పుడు లేకుండా పడి ఉంది. దుంకుతున్నది సంగప్పే.

బాలప్ప తల గోక్కున్నాడు. "నాతోని గూడ గిట్లనే మాట్లాడ్తడు సంగప్పా. నాకైతె మస్తు... ఏందది..."

"దూపైతది" అని దాహం అందించాడు కిష్టప్ప.

"దూప గాదు, సుఖం! ఈయన ఒక తప్పుమాట ఏస్తె, అది గాదని నాకు అసలు మాట యాదికొస్తది. ఈయన పక్కనుంటె నాకు నోరు నొయ్యది."

సంగప్ప ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. మనిషి ఒకడే, మాట ఒకటే. తన చేన్లో అది పడి మేస్తోంది, బాలప్ప చేన్లో నీళ్లు కట్టి పోతోంది. ఇదెక్కడి న్యాయం?

సొంతదారు తేలని గొడ్డుకు దొడ్డిలో ఓ పాత పద్ధతి ఉంది. విప్పి వదిలేస్తారు. అది ఎవరి కొట్టంలోకి పోయి పడుకుంటే వాళ్లదే. మనిషి బొంకుతాడు గానీ పశువు బొంకదు. కానీ దీనికి కాళ్లు లేకపోయె. బాలప్ప ఆలోచించి తాడు సంగప్ప చేతికిచ్చాడు.

"ఇది ఎటు గుంజితె అటు పో. నువ్వు మాత్రం దాన్ని గుంజొద్దు. బోరంచ నల్లపోచమ్మ మీద ఒట్టు."

నల్లపోచమ్మ మీద ఒట్టంటే సంగప్ప ప్రాణం పోయినా తప్పడు. ఆ సంగతి బాలప్పకు తెలుసు.

ముందు సంగప్ప, అతని ముందు నేల మీద ఉచ్చు, వెనక బాలప్ప, కిష్టప్ప, పనిలేని ఓ పదిమంది. మొదట కిష్టప్ప ఇల్లే వచ్చింది. కిష్టప్ప పెండ్లాం పుష్పమ్మ వాకిలి ఊడుస్తూ నడుం ఎత్తింది.

"ఆగుతదా, ఇంకింత దూరం పోతదా? ఆగేటట్టుంటె కుడితి వెడ్త."

సంగప్ప నిలబడ్డాడు. 'ఇదే మీ ఇల్లు, పోవే తల్లీ' అని లోలోపల బతిమాలాడు. తాడు చచ్చిన పాములా వదులుగా ఉంది.

"గుంజుతలేదు" అని ఒప్పుకున్నాడు ఏడుపు మొహంతో.

బస్టాండు దగ్గర హోటల్ ముందు ఒకాయన సాసర్లో చాయ్ పోసుకుని జుర్రుమని పీల్చాడు. తాడు బిగిసింది. సంగప్ప రెండడుగులు అటు కొట్టుకుపోయాడు. కటింగ్ షాపు ముందు బడిపంతులు జగన్నాథ్ సారు ముక్కులోంచి నవ్వాడు. మళ్లీ బిగిసింది. బీదర్ బస్సు డ్రైవరు ఖాళీ రోడ్డు మీద హారన్ కొట్టాడు. ఈసారి సంగప్ప బస్సు వెనక చక్రం దాకా పోయి వచ్చాడు. ఇంతలో గంప ఎత్తుకుని పోతున్న ఒక ముసలమ్మ ఆగి, గంపను ఇటు నుంచి అటు సర్దుకుంది. దానికీ గుంజింది.

"ఆమె ఏం జేసింది?" అన్నాడు బాలప్ప.

"నాకు గూడ తెల్వదు" అన్నాడు సంగప్ప. ఒట్టు మీద ఉన్నాడు కదా, నిజం చెప్పక తప్పదు.

"ఇది ఊరంత మేస్తది గని ఎవలింట్ల పండుకోదు" అన్నాడు బాలప్ప.

సొంత గల్లీ మలుపు తిరిగేసరికి తాడు ఎంత బిగిసిందంటే, సంగప్ప నడవడం మానేసి ఉరకడం మొదలుపెట్టాడు. సాయంత్రం దూడ కోసం వచ్చే బర్రె అలాగే ఉరుకుతుంది. వాకిలి దాటాడు, కొట్టంలోకి దూరాడు, తన ఎద్దు పక్కన గాటి దగ్గర కూలబడ్డాడు. అక్కడ తాడు చేతిలోంచి దానంతటదే జారింది. ఎద్దు ఒకసారి చూసి, అలవాటైన పశువే కదా అన్నట్టు నెమరు వేసుకుంది.

శివమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "వచ్చిందా? ఏడ తిరిగినా ఈడికే వస్తదని నాకెర్కనే. పందొమ్మిదేండ్ల సంది సూస్తున్న."

సంగప్ప జారిన తాడును గాటి దగ్గరి నుంచి ఏరుకున్నాడు. బయట జనం మెడలు చాచారు. అతను లేచి కిష్టప్ప ముందుకు వచ్చాడు.

"కిష్టా, ఈ కోపం..."

"నాదే" అన్నాడు కిష్టప్ప.

జనం ఒక అడుగు ముందుకు జరిగారు.

"నాదే అనుకో సంగన్నా" అన్నాడు కిష్టప్ప మెత్తగా. "ఒప్పుకుంటున్న. దండుగ గూడ నేనే కడ్త. భూమి ఎండుతుంది, ఎద్దును తోలుకరా."

మూడు రోజులుగా సంగప్ప ఎదురుచూసిన మాట అది. అది చెవిన పడగానే ఎవరో తన గూటం నుంచి సొంత గొడ్డును విప్పుకుపోతున్నట్టు అతనికి ఒళ్లు జలదరించింది.

"నీదెట్లయితదిరా?"

"పోనీ తియ్యి అన్నా, నాదే..."

"నీదెట్లయితది! నా తిండి తిని పెరిగింది. నా నిద్ర తాగింది. దీనికి తల ఏడున్నదో, తోక ఏడున్నదో నీకెర్కనా? నువ్వు గడ్డిపుల్ల ఏస్తవు, జగన్నాథ్ సారు గడ్డిపుల్ల ఏస్తడు, బస్సోడు ఏస్తడు. సాకింది నేను! నాదిరా, నాది! ఎవడన్న చెయ్యి ఏస్తె మర్యాద దక్కది!"

ఆ కేకకు ఎదురింటి పెంకుల మీది కాకులు లేచిపోయాయి. బాలప్ప చెవి మీది పెన్సిల్ తీసి రాసుకున్నాడు. "సొంతదారు వచ్చి ఒప్పుకున్నాడు. ఎవరి బలవంతమూ లేదు." తర్వాత తలెత్తి, "దండుగ ఇద్దువు గని, ముందుగాల చేనికి పోయి విత్తుకో" అన్నాడు.

అదే మధ్యాహ్నం మళ్లీ గొర్రు కట్టారు. శివమ్మ వేలు మట్టిలో గుచ్చింది. పైన పొడి. రెండు కణుపుల లోతున చల్లగా తడి తగిలింది. ఇంకా ఒక్క పూట బతికుంది చేను. సంగప్ప తాడు భుజాన వేసుకుని గొర్రు పట్టాడు.

"కిష్టా, గొర్రు కొంచెం..."

"పైకి లేపుదమా?"

సంగప్ప భుజం మీద తాడు బిగిసింది. "ఆగు" అన్నాడు. ఎడ్లు ఆగాయి. గట్టు మీది తుమ్మమొద్దు దాకా నడిచిపోయి, ఖాళీ ఉచ్చును దానికి కట్టి, "నాదానివే, కాదంటలేను. ఈడ పడుండు, చేన్లకు రాకు" అని చెప్పి తిరిగొచ్చాడు.

"కిందికి ఒత్తాలె" అన్నాడు కిష్టప్పతో.

ఒత్తారు. సాలు సాగింది. మూడో సాలుకు అది తెంపుకొచ్చింది. సంగప్ప మళ్లీ గట్టు దాకా పోయి కట్టి వచ్చాడు. ఐదో సాలుకు మళ్లీ. అతను పోయి వచ్చేదాకా కిష్టప్ప ఎడ్లను పట్టుకుని, శివమ్మ పిడికిలి మూసుకుని నిలబడ్డారు. రేగడి కాళ్లకు అంటుకుని చెప్పులు బరువెక్కాయి. తొమ్మిదోసారి సంగప్ప సగం దూరమే పోయి, అక్కణ్నుంచే దాన్ని ఒక కేకేసి వచ్చాడు. పదకొండోసారి ఉన్నచోటనే తిరిగి చూశాడు.

పొద్దు వాలింది. ఒడిలో నాలుగు పిడికిళ్ల గింజలు మిగిలాయి. గట్టు వారగా కొంచెం నేల మిగిలింది.

"కిష్టా, ఇంకొక్క సాలు..."

"రేపు ఏద్దం" అన్నాడు కిష్టప్ప.

సంగప్ప తుమ్మమొద్దు వైపు చూశాడు. కాళ్లు పీకుతున్నాయి. 

"ఇయ్యాలనే" అన్నాడు. "తోలు."

ఎడ్లు రెండూ కలిసి అడుగేశాయి. శివమ్మ పిడికిలి విప్పింది.