కదలని ఎలుక

మా పెద్దమ్మ కాచే వేరు కషాయాన్ని నేను మొదట్లో నమ్మలేదు. ఎలుకల మీద మందులు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం నాది. "నీ కషాయానికి మా ఎలుకలు కూడా మొహం తిప్పేసుకుంటాయి పెద్దమ్మా" అని ఆట పట్టించేదాన్ని.

"ముందు నీ చెల్లికి తగ్గనీవే, తర్వాత నోరు పారేసుకుందువుగాని" అనేది ఆవిడ.

అన్నంత పనీ అయింది. చిన్నప్పటినుంచీ ఫిట్స్ వచ్చి, కింద పడి కొట్టుకుని, నాలుక కొరుక్కునే పిల్ల ఇప్పుడు కుర్చీలో బుద్ధిగా కూర్చుంటోందట. మధ్యాహ్నం పూట కాసేపు గోడకేసి చూస్తూ ఉండిపోతుంది, అంతే. ఆస్పత్రి మాత్రలు మాన్పించేద్దామని అమ్మ ఒకటే తొందర. ల్యాబులో తేలేదాకా ఆగమన్నాను.

ఆ వేరునే పరీక్షకు పెట్టాం. ఎలుకకు మూర్ఛ తెప్పించే ఇంజెక్షన్ ఇచ్చి అద్దం వెనకనుంచి చూడాలి. మామూలు ఎలుకలు గిలగిలా కొట్టుకున్నాయి. కషాయం తాగినవాటిలో ఒక్కటీ కొట్టుకోలేదు. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. కానీ అవి నిద్రపోలేదు, తిరగలేదు, మీసమైనా కదపలేదు. కళ్ళు తెరుచుకుని అన్నీ నన్నే చూస్తున్నట్టు కూర్చున్నాయి.

మా ల్యాబు మేడం ఒక పట్టాన దేన్నీ ఒప్పుకోదు. "కాళ్ళు కొట్టుకోకపోతే మూర్ఛ లేనట్టేనా? తలకు తీగలు పెట్టి మెదడులో ఏం జరుగుతోందో చూడు" అంది. ఆవిడ చాదస్తాన్ని మనసులోనే తిట్టుకుంటూ పెట్టాను.

తెర మీద గీతలు పిచ్చెత్తినట్టు ఎగిరిపడ్డాయి. ఎలుక మాత్రం బొమ్మలా కూర్చునే ఉంది. ఎలుకను మార్చాను, తీగలు మార్చాను. అదే తంతు.

"వేరు మూర్ఛను ఆపలేదమ్మా" అంది మేడం నెమ్మదిగా. "ఒంటిని కట్టేసింది. లోపల జరిగేది జరుగుతూనే ఉంది. అరవడానిక్కూడా లేదు దానికి."

సంచీ కూడా తీసుకోకుండా ఇంటికి పరుగెత్తాను.

హాల్లో ఫ్యాను కింద చెల్లి గోడను చూస్తూ కూర్చుని ఉంది. పక్కనే అమ్మా పెద్దమ్మా టీ తాగుతూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు.

"చూశావుటే, ఎంత ప్రశాంతంగా ఉందో!" అంది పెద్దమ్మ. "పొద్దున్నే మాత్రలు మాన్పించేశాం."

చెల్లి చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. నాడి మాత్రం దడదడలాడుతోంది. మొహంలో ఏ బాధా లేదు, కంట్లోంచి మాత్రం నీళ్ళు కారుతున్నాయి.

"ఫ్యాను గాలికిలే" అంది అమ్మ.

నేను చెయ్యి వదల్లేదు. చాలాసేపటికి చెల్లి రెప్ప వేసింది. నీళ్ళలోంచి పైకి తేలినదానిలా గట్టిగా గాలి పీల్చుకుని నావైపు తిరిగింది.

"ఇవాళ నీకు వినపడిందా అక్కా?"

"ఏంటమ్మా?"

"నేను అరవడం. రోజూ అరుస్తూనే ఉంటా. వీళ్ళు నవ్వుకుంటూ ఉంటారు."

"మరి తేరుకున్నాక చెప్పలేదేమే?"

"చెప్పా. పీడకల వచ్చి ఉంటుందని ఇంకో గ్లాసు తాగించారు."