నవద్వీపంలో మూడు రాత్రులు

లక్ష్మీపూజ అయిపోయాక కూడా ఇంటికి పులస చేప వచ్చిన రోజే కాకలికి అనుమానం రావలసింది. రాలేదు. అత్తవారైన కుండూల ఇంట్లో ఆ పూజ దాటిందంటే మళ్లీ సరస్వతీపూజ దాకా పులస గుమ్మం తొక్కదు. ఆ నియమానికి ఇన్నేళ్లూ కాపలా కాసింది అత్తగారు విభావతే. అలాంటి ఆవిడే చిన్నకొడుకు పలాశ్ చేతికి సంచీ ఇచ్చి బజారుకు తరిమి, పులస తెప్పించి, ఆవపిండి పెట్టి వండమని పెద్దకోడలికి పురమాయించింది.

“ఇదేంటమ్మా, పూజ అయిపోయిందిగా?” అంది కాకలి.

“అయితే అయింది. నీకిష్టమని తెప్పించా. మారు మాట్లాడకుండా తిను.”

కాకలి మారు మాట్లాడకుండా తింది. అత్తగారు తిడితే ఎందుకు తిట్టిందా అని రాత్రంతా ఆలోచించే కోడలు, పెడితే ఎందుకు పెట్టిందని ఆలోచించదు. పైగా ఆ వారమంతా ఆమె మనసు వంట మీద లేదు, ప్రయాణం మీద ఉంది.

ప్రయాణం మాట తెచ్చింది పలాశ్. బిష్ణుపూర్‌లో ఒక రాత్రి ఉండి, కాల్చిన మట్టి పలకలతో కట్టిన గుళ్లు చూసుకుని, కాల్నాలో నూట ఎనిమిది శివాలయాలకు దండం పెట్టుకుని, అక్కణ్ణించి నవద్వీపం. కారు మాట్లాడతానన్నాడు. కాకలి ముందు నమ్మలేదు. భర్త తుషార్ కనబడకుండా పోయిన దగ్గర్నుంచి ఆమె ఉన్న ఊరు కొన్నగర్ దాటిందంటే అది ఆస్పత్రికో, ఎవరి చావుకో.

జనపనార మిల్లు మూతబడితే, సూరత్‌లో పనుందని తుషార్ రైలెక్కాడు. నాగపూర్ స్టేషన్ నుంచి ఫోన్ చేసి, ఇక్కడి టీ కన్నా మన గంగలో బురద నయమన్నాడు. అదే ఆఖరి మాట. సూరత్ చేరలేదు, తిరిగి రాలేదు, శవమూ దొరకలేదు. పోలీసులూ జ్యోతిష్కులూ పేపర్లో ఫొటోలూ అన్నీ అయ్యాయి. ఈ కార్తీకంతో పన్నెండేళ్లు నిండాయి. కాకలి పాపిట్లో సింధూరం అలాగే ఉంది. చేతులకు తెల్లని శంఖం గాజులు, ఎర్ర గాజులు అలాగే ఉన్నాయి. మొగుడు పోయిన ఆడది ముట్టకూడని చేప కంచంలో ఉంది. మనిషి పోయాడని ఎవరూ వచ్చి చెప్పలేదు కాబట్టి వాటిని తియ్యమని కూడా ఎవరూ అనలేదు.

ఆ సాయంత్రం నలుగురూ మరమరాల గిన్నె చుట్టూ కూర్చుని దారి లెక్క చూసుకున్నారు. పలాశ్ ఫోన్‌లో మ్యాపు తెరిచి ఎప్పుడు ఎక్కడుంటారో చెబుతుంటే కాకలి మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని విన్నది.

“నవద్వీపంలో మూడు రాత్రులెందుకు పలాశ్?” అంది. “ఒక్కటి చాలు. మిగతా రెండూ ముర్షిదాబాద్‌కిద్దాం, నవాబు మహల్ చూసొద్దాం. దూరమంటావా, పోనీ కృష్ణనగర్. మట్టిబొమ్మలు చూసి ఎన్నాళ్లయింది!”

పలాశ్ నీళ్లు నమిలాడు. “అమ్మ కాళ్లున్నాయి కదా వదినా. ఆవిడకి విశ్రాంతి కావాలి.”

“అమ్మ కాళ్లు బిష్ణుపూర్‌లో నొప్పెట్టవా? నవద్వీపం వచ్చేదాకా ఓపిక పడతాయా?”

పలాశ్ భార్య మిఠు నవ్వబోయి, మొగుడి మొహం చూసి టీ గ్లాసులో మూతి దాచుకుంది.

“మూడు రాత్రులే,” అంది విభావతి. “మహాప్రభువు పుట్టిన ఊరు. తొందరగా చూసి వచ్చేసేది కాదు.”

తారాపీఠం వెళ్లినప్పుడు, రైలు తప్పిపోతుందని తారామాత పాదాలు కూడా సరిగ్గా చూడనివ్వకుండా అందర్నీ స్టేషన్‌కి పరిగెత్తించిన మనిషి ఈవిడే. కాకలికి అది గుర్తొచ్చింది, నవ్వొచ్చింది, వదిలేసింది. పెద్దవాళ్లకు భక్తి ఎప్పుడు ముదురుతుందో ఎవరికి తెలుసు అనుకుంది.

మర్నాడు బట్టలు సర్దుతూ ఎర్రంచు చీరలు రెండూ, పండక్కి పుట్టింటివాళ్లు పెట్టిన ఆకుపచ్చదీ మంచం మీద పరిచింది. బిష్ణుపూర్‌లో నేసే పట్టుచీరలు కొనే తాహతు లేదు. కనీసం కొట్లోకి వెళ్లి చేత్తో తాకి రావాలని ఆమె ఆశ. మిఠు వచ్చి గుమ్మంలో నిలబడింది.

“లేతరంగుది కూడా ఒకటి పెట్టుకో అక్కా. తిరిగొచ్చేటప్పటికి.”

“తిరిగొచ్చేటప్పుడు నాకేమన్నా రంగు తగ్గుతుందా?”

మిఠు గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది. కాసేపటికి స్నానాలగదిలో ముక్కు చీదుతున్న చప్పుడైంది. జలుబు చేసిందేమో, ప్రయాణానికి ముందు ఇదొకటి అనుకుని కాకలి అల్లం టీ పెట్టి ఇచ్చింది.

చేపలు మాత్రం వస్తూనే ఉన్నాయి. పులస తర్వాత కొబ్బరిపాలల్లో రొయ్యలు, ఆ తర్వాత కొరమీను పులుసు. బయల్దేరడానికి రెండు రోజుల ముందు పొద్దున్నే పెద్ద బొచ్చె చేప తలకాయ వచ్చింది. ఆ ఇంట్లో తలకాయ ఎప్పుడూ మగవాళ్ల కంచంలోకే పోతుంది. తుషార్ ఉన్నన్నాళ్లూ తుషార్‌కి, తర్వాత పలాశ్‌కి. ఈసారి అది కాకలికని విభావతి ముందే చెప్పేసింది.

తలకాయను రెండు చెక్కలు చేసి, పసుపూ ఉప్పూ రాసి, నూనెలో వేయించి పులుసులో వేసింది కాకలి. పులుసు ఉడుకుతుండగా హాల్లో కిటికీ దగ్గర చార్జింగ్‌లో ఉన్న పలాశ్ ఫోన్ మోగింది. అతను స్నానానికి వెళ్లాడు. నవద్వీపం లాడ్జి అని పేరు కనబడితే గదుల సంగతి అయి ఉంటుందని కాకలే తీసింది.

“పలాశ్ బాబున్నారా?”

“స్నానం చేస్తున్నాడు. వాళ్ల వదిన్ని. చెప్పండి.”

“గదులు సిద్ధం తల్లీ, గంగవైపే ఇచ్చా. పురోహితుడికీ చెప్పేశా, దర్భలు ఆయనే తెచ్చుకుంటానన్నాడు. హవిష్యాన్నం వండుకోడానికి కొత్త కుండలూ, వెనకవైపు పొయ్యీ చూపిస్తా. ఒక్కటే తేలట్లేదు. మైల తీరిన రోజు చేపభోజనం రెండు కంచాలే అన్నారు బాబు. మీరు నలుగురు కదా? పెద్దావిడ చేప ముట్టరన్నారు, సరే. అప్పటికీ మూడవ్వాలి. నేనేమన్నా తప్పు విన్నానా?”

కాకలి కిటికీ ఊచ పట్టుకుంది.

ఎవరైనా పోయిన ఇంట్లో హవిష్యాన్నమని చప్పిడి కూడు వండుకుంటారు. మైల తీరిన రోజున చేప ముట్టి మళ్లీ మామూలు మనుషులవుతారు. ఈ ఇంట్లో ఎవరూ పోలేదు. రెండు కంచాల్లో ఒకటి పలాశ్‌ది, ఇంకోటి మిఠుది. చేప ముట్టని విధవలు ఆ రోజుకి ఒకరు కాదు, ఇద్దరుంటారు.

పన్నెండేళ్లు జాడ తెలియని మనిషికి దర్భలతో బొమ్మ చేసి, ఆ బొమ్మను చితి మీద పెట్టి కాల్చి, మూడు రాత్రులు మైల పడతారని ఆమెకు తెలుసు. చిన్నప్పుడు శాంతిపూర్‌లో పక్కింటి కుమ్మరివాళ్లు చేశారు. బొమ్మ కాలుతుంటే కుమ్మరి భార్య చేతులు రాతిమెట్టు మీద పెట్టించి, ఇంకో రాయితో శంఖం గాజులు పగలగొట్టారు. ఆ చప్పుడుకు కాకలి అమ్మ కొంగులో దూరింది. ఆ తర్వాత ఆ కుమ్మరి భార్య ఏ పెళ్లిలోనూ ముందు వరసలో కనబడలేదు.

“తల్లీ, వింటున్నారా?”

“కనుక్కుని చెప్పిస్తా,” అని ఫోన్ పెట్టేసింది.

ముందు ఒళ్లు మండింది. తర్వాత పులస గుర్తొచ్చింది. రొయ్యలు గుర్తొచ్చాయి. కొరమీను ముక్క అత్తగారు దగ్గరుండి రెండోసారి వడ్డించుకోమనడం గుర్తొచ్చింది. ఇక జన్మలో దొరకనివన్నీ వరసగా తినిపిస్తోందన్నమాట ముసలిది.

వంటింటికి తిరిగొచ్చేసరికి విభావతి గుమ్మానికి ఇవతల పీట వేసుకుని కూర్చుని ఉంది. తెల్లచీర, మెడలో తులసిపూసలు. చేప వండేచోట ఆవిడ అడుగు పెట్టదు. తన పొయ్యి వేరు, గిన్నెలు వేరు.

“ఉడికిందా? తలకాయ నీ కంచంలో వేసుకో. పలాశ్‌కి తోక ముక్కలు చాలు.”

కాకలి గరిటె కింద పెట్టింది. “లాడ్జివాడు ఫోన్ చేశాడమ్మా. మైల తీరిన రోజు చేప కంచాలు రెండా మూడా అని అడుగుతున్నాడు. ఏం చెప్పను?”

విభావతి మొహం పాలిపోయింది. తల తుడుచుకుంటూ బయటికొచ్చిన పలాశ్ తువ్వాలు నెత్తి మీదే ఉంచుకుని ఆగిపోయాడు.

“నీతో అనొద్దని వాడికి...” అని మొదలుపెట్టి విభావతి నాలుక కరుచుకుంది.

“అంటే ఊరందరికీ చెప్పారు, నాకు తప్ప.”

“అది కాదు వదినా,” అన్నాడు పలాశ్. “ఏదో అమ్మ తృప్తి కోసం. ఈ రోజుల్లో ఇవన్నీ ఎవరు పట్టించుకుంటున్నారు? తర్వాత నువ్వు చేప తిన్నా ఎవరేమంటారు?”

“అయితే రెండు కంచాలని ఎందుకు చెప్పావు?”

పలాశ్ తువ్వాలుతో మళ్లీ తల తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

“వాణ్ణేమీ అనకు. చెప్పించింది నేను,” అంది విభావతి. “నా కొడుకు నాకు కల్లోకొస్తున్నాడే. ఘాట్ మెట్ల మీద నిలబడి, దోసిలి పట్టి నీళ్లడుగుతాడు. నేను చెంబు ఎత్తేలోపు మెలకువ వచ్చేస్తుంది. నేను పోతే వాడికి దోసెడు నీళ్లిచ్చేదెవరు? నీ ఎర్రంచు చీర నిలబెట్టడానికి నా బిడ్డని దాహంతో తిరగనివ్వనా?”

ఆ మాట కాకలికి సూటిగా తగిలింది. “ఆ ముక్క నాతో చెప్పి తీసుకెళ్లొచ్చుగా? గుళ్లు చూపిస్తాను, చీరలు చూపిస్తాను అని చిన్నపిల్లకి చెప్పినట్టు...”

“చెబితే వస్తావా?”

కాకలి వచ్చేది కాదు. అది ఇద్దరికీ తెలుసు.

“మరి ఈ చేపలన్నీ ఎందుకు పెట్టారు? నన్ను సాగనంపడానికా?”

విభావతి గోడవైపు తిరిగింది. “మీ మామగారు పోవడానికి ముందురోజు చేపలకూర చేశాను. నా వాటాకి రెండు ముక్కలు మిగిలాయి. ఒకటి తిని, రెండోది రేపు తిందాంలే అని మూత పెట్టా. తెల్లారేసరికి ఆయన లేరు. ఆ ముక్క పిల్లికేశారో, పారేశారో. ఆయన మొహం ఒక్కోసారి గుర్తు రావట్లేదు గానీ, ఆ ముక్క మాత్రం కళ్లముందే ఉంటుంది. సిగ్గులేదు నాకు. నీకైనా ఆ బాధ ఉండకూడదనుకున్నా. కడుపునిండా తిని వెళ్తే చాలనుకున్నా.”

అత్తగారి మీద కాకలికి జాలి కలిగింది. ఆ ముసలి వీపు చూస్తుంటే వెళ్లి పట్టుకోవాలనిపించింది. కోపం మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. తాను పడ్డ బాధ ఇంకొకరు పడకూడదనుకునే మనిషికి, ఆ బాధ పెట్టకుండా ఊరుకోవచ్చని తట్టలేదే అని ఏడుపొచ్చింది.

“అమ్మా, నేనొకటి చెబుతా, వినండి.” పలాశ్ కదలబోతే, “నువ్వూ విను” అంది. “ఆయన తిరిగొస్తాడని నేను ఎదురుచూడట్లేదు. ఎప్పుడో మానేశా. మీరు రోజూ గుమ్మం వైపు చూస్తుంటే, నేను చూడట్లేదని సిగ్గేసి మీతో అనలేదు. ఈ గాజులు ఆయన కోసం వేసుకున్నవి కావిప్పుడు. పొద్దున్నే ఇవి గలగలమంటేనే నేను లేచినట్టుంటుంది నాకు. పేటలో పెళ్లైతే కొత్తకోడలికి హారతివ్వడానికి ముత్తైదువల్లో నన్నూ పిలుస్తారు. ఆ పిలుపు నాది. ఈ కంచం నాది. ఇవి తప్ప నాకు ఇంకేం మిగిల్చాడు ఆయన?”

పులుసు పొంగబోతే కాకలి వంగి మంట తగ్గించింది.

“నేను వస్తా. బిష్ణుపూర్ చూస్తా, కాల్నా చూస్తా. నవద్వీపంలో మీరు ఆయనకి నీళ్లివ్వండి. కన్నతల్లి మీరు, కాదనడానికి నేనెవర్ని? మెట్ల మీద కూర్చుంటా. మూడు రాత్రులూ మీతోపాటు హవిష్యాన్నమే తింటా. ఏడుపొస్తే ఏడుస్తా కూడా. చెయ్యి మాత్రం చాపను.”

“పురోహితుడు ఒప్పుకోవద్దూ?”

“ఆయన గాజులు కాదుగా పగిలేవి.”

విభావతి తులసిపూసలు వేళ్లతో నలిపింది.

“మూడు కంచాలని చెప్పు పలాశ్. నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?” అంది కాకలి.

పలాశ్ తల్లి వైపు చూశాడు. తల్లి అతని వైపు చూడలేదు. ఫోన్ పట్టుకుని వరండాలోకి వెళ్లాడు. చాలాసేపు దాన్ని చేత్తో పట్టుకుని, అవతల గంగ మీద పోతున్న పడవను చూస్తూ నిలబడ్డాడు.

కాకలి పొయ్యి ఆర్పి, కంచంలో అన్నం పెట్టుకుని నేల మీద కూర్చుంది. తలకాయ చెక్క ఒకటి వేసుకుంది. ముళ్లు తీసుకుంటూ, ఎముకలు చప్పరిస్తూ, ఒక్క మెతుకు మిగల్చకుండా తింది. కన్నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు, చేతులు ఖాళీ లేవు. గుమ్మం అవతల పీట మీద అత్తగారు కదలకుండా కూర్చుంది.

తినడం అయ్యాక కాకలి లేచి, రెండో చెక్క గిన్నెలోకి తీసి, కొంచెం పులుసు పోసింది.

“అది కూడా తినెయ్యి,” అంది విభావతి. “నీకోసమేగా తెప్పించింది.”

“రేపు తింటానమ్మా,” అని కాకలి గిన్నె మీద మూత పెట్టింది.

విభావతి ఆ మూత వైపు చూసింది. చాలాసేపు చూసింది. ఇంక తినమని అనలేదు.