ఒక్క లాగిన్ చాలు

పచ్చబొట్ల దుకాణానికి సాఫ్ట్‌వేర్ ఎంచే పని త్రినాథరావు మీద పడింది. నవ్వకండి, యాభై దాటిన మనిషికి ఈమధ్య దొరికిన గౌరవం అదొక్కటే. ఉక్కునగరంలో కాంట్రాక్టు పని పోయి ఇంట్లో గోళ్లు గిల్లుకుంటున్నవాణ్ణి, బామ్మర్ది ఉమామహేష్ పిలిచి ద్వారకా నగర్‌లోని తన టాటూ స్టూడియో కౌంటర్లో కూర్చోబెట్టాడు. ఫోన్లెత్తడం, వచ్చినవాళ్లకి టైములివ్వడం ఆయన పని.

తంటా అక్కడే వచ్చింది. ప్రేమించిన పిల్ల పేరు ఛాతీ మీద వేయించుకుంటానని ఎవడైనా ఉడుకు మీద వస్తే, ఈయన మంచినీళ్లిచ్చి, ఇంటి సంగతులడిగి, వచ్చే వారం రమ్మనేవాడు. వాడు మళ్లీ వస్తే ఒట్టు. ఉమామహేష్ పళ్లు కొరుక్కునేవాడే గానీ పల్లెత్తు మాట అనలేదు. అక్క మొగుణ్ణి ఎవరంటారండీ మన ఇళ్లల్లో?

కంపెనీలవాళ్లు వచ్చి మూడు సాఫ్ట్‌వేర్లు చూపించారు. త్రినాథరావు కళ్లజోడు తుడుచుకుని పెళ్లిసంబంధం చూసినంత శ్రద్ధగా చూశాడు. టైములు తనే ఇచ్చి, అడ్వాన్సు తనే తీసుకుని, ముందురోజు తనే గుర్తుచేసేదాన్ని ఎంచాడు. బామ్మర్ది బాగుపడాలని మనస్ఫూర్తిగానే ఎంచాడు, పిచ్చి మారాజు.

దాన్ని కంప్యూటర్లో ఎక్కించడానికి కంపెనీ నుంచి నీలిమ అనే అమ్మాయి వచ్చింది. ఎంతమందికి లాగిన్ ఇమ్మంటారని అడిగింది. ఒక్కటి చాలన్నాడు ఉమామహేష్, తలెత్తకుండా. మరి కౌంటర్లో ఉండేవాళ్లకో అని ఆ పిల్ల అడిగితే, కౌంటర్ తీసేస్తున్నామన్నాడు.

కౌంటరంటే తనేనని త్రినాథరావుకి అర్థమైంది. నీలిమ వెళ్లేదాకా ఓపిక పట్టాడు.

"నన్ను పొమ్మనడానికి ఇదంతా ఎందుకురా? నోటితో సెప్పీసుంటే నాను ఎళిపోదును కదా."

ఉమామహేష్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "సెప్పీద్దారనే అనుకున్నాను బావా. అక్కే వద్దంది. ఆయన ముకం మీద అనకు, తట్టుకోలేడు, దగ్గరుండి సూత్తే ఆయనకే తెలుత్తాది అంది."

అయితే తన భార్య కామేశ్వరికి ముందే తెలుసు. ఇన్నాళ్లూ కంచం ముందు కూర్చుని, ఏ సాఫ్ట్‌వేర్ ఏం చేయగలదో ఆమెకి ఎంత గొప్పగా చెప్పుకున్నాడో! ఆమె కూర వడ్డిస్తూ, ఊ కొడుతూ, అన్నిటిలోకీ బాగా పనిచేసేది ఏదని అడిగేది. అది తలుచుకుంటే ఆయనకి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

జేబులో ఫోన్ మోగింది. తిన్నారా అని అడగడానికి కామేశ్వరి రోజూ ఈ వేళకే చేస్తుంది. త్రినాథరావు ఎత్తలేదు.