చేరకముందే చేసిన పని

లాయరు ఉత్తరాన్ని రెండోసారి చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆ తీరు కత్తెరక్కకు నచ్చలేదు. పదిహేనేళ్లుగా యూనిఫారాల గుడ్డ కత్తిరిస్తున్న మనిషి కాబట్టి ఆవిడను అందరూ అలాగే పిలుస్తారు.

"కటింగ్ ఇన్‌చార్జి ఉద్యోగం ఇస్తున్నాం, ఒకటో తారీఖున చేరమని కొత్త ఫ్యాక్టరీ వాళ్లు రాశారు. మీరు ఒప్పుకుని సంతకం పెట్టారు. పాత చోట మానేశారు. తర్వాత పోస్టే రద్దయిందని ఫోన్ చేశారు. అంతేనా?"

"అంతే సార్. పాత చోట నా బల్ల ఇంకొకరికి ఇచ్చేశారు కూడా."

"చేర్చుకోమని కోర్టు ద్వారా వాళ్ల మెడలు వంచడం కష్టమమ్మా. వాళ్ల మాట నమ్మి ఉన్న పని వదులుకున్నారు కాబట్టి నష్టపరిహారం అడగొచ్చు. ముందు నోటీసు ఇచ్చి, ఎందుకు రద్దు చేశారో రాసిమ్మందాం."

"పరిహారం నాకెందుకు సార్. ఉద్యోగం కావాలి."

"ఎందుకు రద్దయిందో నన్నడగండి," పక్కన కూర్చున్న ఆడపడుచు అందుకుంది. "చేరకముందే పని చేసిపెట్టి వచ్చింది మా వదిన."

ఉత్తరం తీసుకోవడానికి వెళ్లిన రోజు కటింగ్ హాల్లో బల్లల కింద పీలికల కుప్పలు చూసి కత్తెరక్క ప్రాణం ఉసూరుమంది. సుద్దముక్క అడిగి తీసుకుంది. చొక్కా చేతులు, కాలర్లు, జేబులు గుడ్డ మీద ఎలా పరిస్తే వృథా తగ్గుతుందో గీసి చూపించింది. సూపర్‌వైజరు ఫొటో తీసుకున్నాడు. మేనేజరు టీ ఇప్పించాడు. వారం తిరక్కుండానే రద్దయిందని ఫోను.

"గుడ్డ అలా పోతుంటే చూస్తూ నిలబడమంటావుటే?"

"కళ్లు మూసుకోవాల్సింది. మొదటి జీతం వచ్చేదాకా."

"గీసింది మీరేనని ఏదైనా కాగితం ఉందా?" అన్నాడు లాయరు.

"సుద్ద సార్. గుడ్డతో పాటే ముక్కలైపోయింది."

ఆవిడ ఫోను మోగింది. "ఆ ఫ్యాక్టరీ వాళ్లే," అంది నెంబరు చూసి. గొంతు బయటికి వినిపించేలా పెట్టమని లాయరు సైగ చేశాడు.

"అక్కా, కటింగ్ సూపర్‌వైజర్ని. మీరు గీసిచ్చిన దాంట్లో పెద్ద సైజు చెయ్యి పట్టడం లేదు. జేబు ఎటు తిప్పాలి?"

లాయరు గబగబా టైము, ఆ మాటలు రాసుకుంటున్నాడు. కత్తెరక్క వేలు అప్పటికే బల్ల మీద జేబును తిప్పేసింది. ఆడపడుచు ఆ వేలు పట్టుకుని నొక్కింది.

"నా ఉద్యోగం మాటేంటి తమ్ముడూ?"

"అది నాకు తెలీదక్కా. ఇక్కడ ఒకదాని మీదొకటి నలభై వరసల గుడ్డ పరిచి ఉంది. ఒక్క మాట చెప్పండి."

నలభై వరసలు. ఆవిడకు గొంతు దాకా వచ్చింది జవాబు.

"ఎవరు గీసింది, ఇప్పుడేం కావాలి, అన్నీ కాగితం మీద రాసి, సంతకం పెట్టి పంపించమను మీ మేనేజర్ని," అని ఫోను పెట్టేసింది కత్తెరక్క.

"మనకు కాస్త బలం దొరికింది," అన్నాడు లాయరు. "అయినా ఉద్యోగం వస్తుందని మాట ఇవ్వలేనమ్మా."

"నాకిక వద్దులెండి. పాడు ఉద్యోగం. పరిహారమే రాయండి."

"రేపటికి నోటీసు తయారు చేస్తాను."

"ఇవాళే రాయండి సార్," అంది కత్తెరక్క ఫోను ఆడపడుచు చేతిలో పెడుతూ. "మళ్లీ చేశాడంటే చెప్పేస్తాను."