బొట్టుతో బ్రస్సెల్స్ వెళ్ళిన మిక్సీ

నేను ఒక మిక్సీని. మామూలు మిక్సీనే. మూడు జార్లు, ఎప్పుడూ ఏదో ఒక మూత కనపడకుండా పోయే జాతకం, నోరు విప్పితే ఇంట్లో ఇంకెవరి మాటా వినపడనివ్వని గొంతు. ఈ చివరి గుణం వల్ల ఆడవాళ్ళకి మా జాతంటే ప్రత్యేకమైన అభిమానం. హాల్లోంచి "ఏమోయ్, నా కళ్ళజోడు చూశావా?" అన్న కేక వినపడగానే, పప్పు నానిందో లేదో కూడా చూసుకోకుండా మమ్మల్ని ఆన్ చేసే ఇల్లాళ్ళు ఎందరో ఉన్నారని మా అక్కచెల్లెళ్ళు చెబుతుంటారు.

నాకు మాత్రం ఆ వంటింటి యోగం పట్టలేదు. గోంగూర రుచి ఎరగను. ఇడ్లీ పిండి నా ఒంట్లో పడలేదు. చదువుకున్నదాన్ని నేను. అంటే పుట్టింది మొదలు పరీక్షలు రాయడమే నా పని.

విజయవాడ ఆటోనగర్‌లో, లారీలకి బాడీలు కట్టే షెడ్డుకీ రేడియేటర్లకి మాట్లు వేసే షెడ్డుకీ మధ్య ఒక రేకుల షెడ్డు ఉంది. అదే నా పుట్టిల్లు. దాని యజమానురాలు హైమావతి. ఫిజిక్స్‌లో డిగ్రీ చేసి, పెళ్ళయ్యాక పదేళ్ళపాటు తన వంటింట్లో మిక్సీలు కాలిపోవడం చూసి చూసి, వాటి పొట్ట విప్పి చూడటం మొదలుపెట్టి, చివరికి తనే తయారు చేయడానికి దిగింది. షెడ్డులో పన్నెండు మంది ఆడవాళ్ళు పనిచేసేవారు. అందరిలోకీ పెద్దది సామ్రాజ్యం. మోటారుకి కాయిల్ చుట్టేది ఆవిడే. చుట్లు లెక్కపెట్టే మిషను ఉన్నా దాన్ని నమ్మేది కాదు. పెదవులు కదుపుతూ తనే లెక్కపెట్టుకునేది, మధ్యలో ఎవరైనా పలకరిస్తే కళ్ళతోనే చంపేది.

నా ప్రత్యేకత ఆ కాయిల్లోనే ఉంది. మన దగ్గరా యూరప్‌లోనూ కరెంటు రెండు వందల ముప్పై వోల్టులు, అమెరికాలో అందులో సగం. ఒక ఒడ్డున పనిచేసే మిక్సీ రెండో ఒడ్డున మూలుగుతుంది, లేదా కాలి చస్తుంది. హైమావతి రెండింటికీ పనికొచ్చేలా రెండు వరసల కాయిల్ ఆలోచించింది. అడుగున ఒక చిన్న మీట అటు జరిపితే అమెరికా, ఇటు జరిపితే యూరప్.

ఆ షెడ్డులో ఒక ఆచారం ఉండేది. కొత్త రకం మిక్సీ ఏది తయారైనా మొదటిదానికి సామ్రాజ్యం పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, జార్‌లో ఇంత బెల్లం, నాలుగు కొబ్బరి ముక్కలు వేసి తిప్పేది. ఆ ముద్దే అందరికీ ప్రసాదం. నేను తిన్న ఏకైక తిండి కూడా అదే. నన్ను పరీక్షకి పంపడానికి పెట్టె సిద్ధం చేస్తూ హైమావతి అంది, "సామ్రాజ్యం, ఆ బొట్టు తడిగుడ్డతో తుడిచెయ్యి. ల్యాబుకి వెళ్ళేది శుభ్రంగా ఉండాలి."

"అట్టాగే అమ్మగారూ," అంది సామ్రాజ్యం. హైమావతి అటు తిరగగానే తడిగుడ్డతో నా వీపు తుడిచింది, జార్లు తుడిచింది, వైరు తుడిచింది. బొట్టు జోలికి మాత్రం పోలేదు. "పుట్టింటి నుంచి బోసి మొహంతో పంపుతారా ఎక్కడన్నా?" అని నా చెవిలో అని పెట్టె మూసేసింది. నాకు చెవులెక్కడివని అడక్కండి. చెవులున్నవాళ్ళంతా వింటున్నారా?

ఇంతకీ ఆ పరీక్ష ఎందుకో చెప్పాలి. యూరప్‌లోనూ అమెరికాలోనూ దుకాణాలున్న ఒక టోకు వ్యాపారికి నేను నచ్చాను. రెండు వేల మిక్సీలు కావాలన్నాడు. కానీ నెలాఖరు లోపల రెండు వైపుల నుంచీ అనుమతి ముద్ర పడాలి, లేకపోతే ఆర్డరు ఇంకొకరికి వెళ్ళిపోతుంది. ఒక్కో వైపు పరీక్షకి ఆరేసి నెలలు పడుతుంది. షెడ్డులో అప్పటికే వారానికి మూడు రోజులే పని. ఈ ఆర్డరు జారిపోతే ఆ మూడు రోజులూ ఉండవని హైమావతి ఎవరికీ చెప్పలేదు. పన్నెండు మందికీ తెలుసు.

ఒక్క దారి ఉంది. అమెరికా, యూరప్ కలిసి వ్యాపారం, సాంకేతికత గురించి మాట్లాడుకోవడానికి ఒక ఉమ్మడి మండలి పెట్టుకున్నాయి. వియ్యాలవారి పద్ధతి వాళ్ళది. ఎదురుపడితే ఒకరినొకరు మర్యాదలతో ముంచేస్తారు, కుర్చీలు లాగి కూర్చోబెడతారు, ఎవరింటి పద్ధతే సరైనదని మాత్రం ఎవరికి వారికి గట్టి నమ్మకం. ఏళ్ళ తరబడి సమావేశమై, తర్వాతి సమావేశం తేదీ విషయంలో మాత్రం పూర్తి ఏకాభిప్రాయం సాధించారు. ఈసారి ఎవరికో ఒక మంచి ఆలోచన వచ్చింది. ఏదైనా ఒక చిన్న వస్తువుని తీసుకుని, ఒకేచోట ఒకే పరీక్ష పెట్టి, ఆ ఫలితాన్ని ఇద్దరూ ఒప్పుకుని చూద్దామని. వస్తువు కోసం వెతుకుతుంటే ఆ టోకు వ్యాపారి నన్ను ముందుకి తోశాడు. అలా నేను విమానమెక్కి బ్రస్సెల్స్‌లో దిగాను.

నా పరీక్షకి ఇద్దరు పెద్దలు. యూరప్ తరఫున హిల్డా. పొడుగాటి మనిషి, కళ్ళజోడుకి తాడు, ఉగ్గుగిన్నెంత కప్పులో కాఫీ. అమెరికా తరఫున మార్జరీ. కోటు వేసుకుని కాళ్ళకి పరుగుపందెం బూట్లు తొడిగే మనిషి, చిన్న బకెట్టంత గ్లాసులో ఐసు వేసిన కాఫీ. కాఫీలో ఐసు వేయడం చూసినప్పుడల్లా హిల్డా ఒకసారి కళ్ళు మూసుకునేది.

పరీక్షలంటే అవి పరీక్షలు! నన్ను బల్ల మీంచి పడేశారు. పైనుంచి నీళ్ళు పోశారు. వైరు పట్టుకుని గుంజారు. మనిషి వేలు ఆకారంలో ఒక ఇనపవేలు ఉంటుంది, దాన్ని నా సందుల్లోకి దూర్చి ఎక్కడన్నా షాక్ కొడుతుందేమోనని చూశారు. ప్రతి పరీక్షా రెండుసార్లు, ఎందుకంటే హిల్డా మిల్లీమీటర్లలో కొలిస్తే మార్జరీ అంగుళాల్లో కొలిచేది. నా మీద అంటించాల్సిన హెచ్చరికల జాబితా ఒకటి తెచ్చింది మార్జరీ. తిరుగుతుండగా చెయ్యి పెట్టరాదు, స్నానాల తొట్టిలో వాడరాదు, పెంపుడు జంతువులను ఇందులో ఉంచరాదు. ఆ మూడోది చదివి ఒక రోజంతా నేను మనుషుల గురించి ఆలోచించాను.

అన్నీ నెగ్గాను. సామ్రాజ్యం చుట్టిన కాయిల్ రెండు కరెంట్ల మీదా ఆరేసి గంటలు తిరిగి చిన్న కాలిన వాసన కూడా రానివ్వలేదు. ఇక సంతకాలే తరువాయి అనుకుంటుండగా, ల్యాబులో అబ్బాయి భూతద్దం పట్టుకుని నా నుదుటి దగ్గర ఆగిపోయాడు. "ఇక్కడ ఎరుపు, పసుపు రంగుల్లో ఏదో పదార్థం ఉంది. కాగితాల్లో దీని ప్రస్తావన లేదు."

అంతే. కాఫీలు పక్కకి జరిగాయి.

"ఇదేమిటో తెలిసేదాకా అనుమతి లేదు," అంది హిల్డా. "ప్రమాదం లేదని వాళ్ళు ముందు రుజువు చెయ్యాలి."

"ప్రమాదం ఉందని మీరు రుజువు చేస్తేనే కదా ఆపాలి?" అంది మార్జరీ. "ఒక హెచ్చరిక అంటిద్దాం. 'ఈ చుక్కని నాకరాదు.' సరిపోతుంది."

"నాకుతారని తెలిసీ మార్కెట్లోకి వదుల్తావా?"

"నాకుతారేమోనన్న అనుమానం మీద నువ్వు ఎన్నేళ్ళు ఆపుతావు?"

రెండు రోజులు సాగింది. ఆ రెండు రోజుల్లో నాకు అర్థమైంది. వీళ్ళ మధ్య తగువు మిక్సీల గురించి కాదు, ఎరువుల గురించో కంప్యూటర్ల గురించో కూడా కాదు. ఒకావిడ పిల్లని వాన వెలిశాకే బయటికి పంపే తల్లి, రెండో ఆవిడ తడిస్తే తల తుడవొచ్చులే అనుకునే తల్లి. ఇద్దరికీ పిల్ల మీద ప్రేమే. మధ్యలో తడవకుండానే జలుబు చేసేలా ఉంది నాకు. నెలాఖరుకి ఇంకా మూడు రోజులే ఉన్నాయి.

చివరికి ఆటోనగర్‌కి ఫోను చేశారు, తెర మీద మొహాలు కనపడేలా. అక్కడ టీ వేళ. తెర నిండా హైమావతి మొహం, వెనక పన్నెండు తలలు. విషయం వినగానే హైమావతి మెల్లిగా వెనక్కి తిరిగింది.

"సామ్రాజ్యం, బొట్టు తుడవమన్నానా?"

"అన్నారమ్మా."

"తుడిచావా?"

"మిగతాదంతా తుడిచాను కదమ్మా!"

వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. హైమావతి నవ్వలేదు. ఆవిడ భయం నాకు తెలుసు. బజార్లో దొరికే కుంకుమల్లో కొన్నిట్లో ఏ రంగులు కలుస్తాయో అమ్మేవాడికే తెలీదు. అది కనక అలాంటిదైతే ల్యాబు పట్టేస్తుంది, షెడ్డుకి తాళం పడుతుంది. ఆవిడ గొంతు తగ్గించి అడిగింది, "ఏ కొట్లో కొన్నావే ఆ కుంకుమ?"

సామ్రాజ్యం మొహం ఎర్రబడింది. "కొట్లో కొనడమేంటమ్మా? నా చేతిది. పసుపులో సున్నపుతేట కలిపి ఎండబెడతా. మా అత్త నేర్పింది. ఆవిడ నేర్పిన మంచి పని అదొక్కటే." తర్వాత తెర వైపు తిరిగి, భాషతో నిమిత్తం లేకుండా, "ఏమ్మా, నమ్మకం లేదా? ఆగండి చూపిస్తా!" అని కనపడకుండా పోయింది.

తిరిగొచ్చేసరికి చేతిలో స్టీలు పళ్ళెం, అందులో పసుపు, కిళ్ళీకొట్టు నుంచి తెచ్చిన ఆకు మీద తడి సున్నం. పసుపులో నాలుగు చుక్కల నీళ్ళు పోసి, సున్నం వేలితో తీసి అందులో రాసింది. పచ్చటి ముద్ద కళ్ళముందే ఎర్రగా తిరిగిపోయింది.

బ్రస్సెల్స్‌లో కుర్చీలన్నీ తెర దగ్గరికి జరిగాయి. హిల్డా కళ్ళజోడు పెట్టుకుంది. "ఇంకొకసారి చేసి చూపించమనండి," అంది. పరీక్ష కోసం కాదు, ముచ్చటపడి. రెండోసారి అయ్యాక మార్జరీ ల్యాబు అబ్బాయిని పరుగెత్తించి దుకాణంలోంచి పసుపు డబ్బా తెప్పించింది. సున్నం ల్యాబు అలమరలోనే ఉంది, సీసా మీద పెద్ద పేరుతో. కోట్లు వేసుకున్న ఇద్దరు పెద్దవాళ్ళు ఒక గాజుగిన్నె మీద తలలు ఆనించి, పసుపు ఎర్రబడినప్పుడు ఒకేసారి "ఓ!" అన్నారు. అంగుళాల్లోనూ మిల్లీమీటర్లలోనూ అది ఒకే "ఓ".

సాయంత్రానికల్లా నా బొట్టులోంచి గోరంత గీకి పరీక్ష చేయించారు. యూరప్ ల్యాబు అబ్బాయే చేశాడు. పసుపు, సున్నం, ఇంకేం లేవు. హిల్డా సంతకం పెట్టింది. మార్జరీ కలం తీసి, పెట్టబోయి ఆగింది.

"నేను మీవాడి మాట నమ్మి ఈ చుక్క మీద సంతకం పెడుతున్నాను," అంది నెమ్మదిగా. "చుక్క మీద నమ్మినదాన్ని, మోటారు మీద నమ్మక ప్రతిదీ నేనూ మళ్ళీ కొలవడం ఏం న్యాయం? నువ్వు చెప్పు."

హిల్డా ఆ ఎర్రటి గాజుగిన్నె వంక చూసింది. "మీ తలతిక్క హెచ్చరికలు మూడూ అంటిస్తాను," అంది. "పెంపుడు జంతువుతో సహా."

ఏళ్ళ సమావేశాల తర్వాత ఇద్దరూ కలిసి పెట్టిన మొదటి సంతకాలు అవి. నెలాఖరుకి ఇంకా రెండు రోజులు మిగిలాయి.

అయితే అనుమతి పత్రం చివర ఒక మామూలు వాక్యం ఉంటుంది. ఎన్నో ఏళ్ళుగా ఎవరూ చదవకుండా అన్ని పత్రాల్లోనూ అచ్చవుతున్న వాక్యం. 'అమ్మకానికి వచ్చే ప్రతి యంత్రమూ పరీక్షించిన నమూనాతో అన్నివిధాలా సరిసమానంగా ఉండవలెను.' హైమావతి దాన్ని రెండుసార్లు చదివి కుర్చీలో కూలబడిందట.

"ఏమైందమ్మా?" అని కంగారు పడింది సామ్రాజ్యం.

"ఏమవుతుంది? రెండు వేల మిక్సీలకీ బొట్టు పెట్టాలి. చట్టం."

సామ్రాజ్యం కొంగు దోపుకుని కుంకుమ డబ్బా తెచ్చుకుందట. ఇప్పుడు ఆ షెడ్డులో వారానికి ఆరు రోజుల పని, కొత్తగా చేరిన తొమ్మిది మంది, కాయిల్ బల్లకీ పెట్టెల బల్లకీ మధ్యలో ఒక కొత్త బల్ల. దాని మీద అచ్చు అక్షరాలతో బోర్డు ఉంది, 'బొట్టు విభాగం' అని. దానికి అధికారి ఎవరో చెప్పక్కర్లేదు.

నేను మాత్రం తిరిగి వెళ్ళలేదు. నమూనాని కదా, బ్రస్సెల్స్‌లో ఒక గాజుపెట్టెలో ఉంచి సీలు వేశారు. కింద చీటీ మీద నంబరు. అప్పుడప్పుడు బాధేస్తుంది. మా చెల్లెళ్ళు ఒకరు లిస్బన్‌లో చేపల కారం నూరుతున్నారు, ఒకరు షికాగోలో వేరుశనగ ముద్ద తిప్పుతున్నారు. నేను బెల్లం కొబ్బరి తలుచుకుంటూ కూర్చుంటాను. కానీ పెద్దరికం అంటే అంతేనేమో. అందరూ మనలా ఉండాలంటారు, మనకి తిండి మాత్రం పెట్టరు.

ఏడాది తిరిగేసరికి ఒక చిక్కొచ్చింది. నా బొట్టు వెలిసిపోయింది. నమూనాకే బొట్టు లేకపోతే దేనితో సరిసమానంగా ఉండాలని ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచాయి. ఆటోనగర్ నుంచి సామ్రాజ్యం చేతి కుంకుమ చిన్న పొట్లం వచ్చింది, మూడు ధ్రువపత్రాలు వెంటబెట్టుకుని. గాజుపెట్టె సీలు విప్పడానికి మార్జరీ సముద్రం దాటి వచ్చింది. ఫోను తెర మీద ఆటోనగర్, మళ్ళీ టీ వేళే.

హిల్డా చూపుడువేలు కుంకుమలో ముంచి నా మీదికి వంగింది.

"అయ్యో, ఆ వేలు కాదమ్మా!" తెరలోంచి సామ్రాజ్యం కేక. "ఉంగరం వేలు, ఉంగరం వేలు!"

హైమావతి ఇంగ్లీషులో చెప్పింది. హిల్డా వేలు మార్చింది. మార్జరీ నియమాల పుస్తకం తెరిచి, మార్జిన్‌లో ఆ మాట రాసి, హిల్డా వైపు జరిపింది. అటు నుంచి ఒక్క అభ్యంతరమూ రాలేదు.

ఉంగరం వేలు చల్లగా ఉంది.